మూలం లేని వాక్యం

నర్సింగన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున దుకాణం తెరవగానే, మన వికీపీడియాలో నువ్వు మొదలుపెట్టిన అరకేర ఊరి పేజీ చూశాను. కిందటి నెల అక్కడి సంతకు వెళ్లొచ్చి, "ఇక్కడి మిరపకాయకు కారం ఎక్కువ" అని అందులో ఒక వాక్యం చేర్చాను. ఆ మాట ఎక్కడిదో చెప్పే మూలం ఇవ్వలేదు. కావాలనే ఇవ్వలేదు.

నువ్వుంటే నా చాయ్ చల్లారకముందే దాన్ని తీసేసి, మాన్విలో మీ ఇంటి నుంచి ఫోన్ చేసేవాడివి.

"నువ్వు తిని చూస్తె చాలదు తమ్మీ, యాడ అచ్చయిందో చూపియ్యి."

"నోరు మండుతుంటె కితాబెందుకన్నా?" అని నేను కొట్లాడేవాణ్ణి. మర్నాడు ఇద్దరం కలిసి పాత పత్రికలన్నీ తిరగేసేవాళ్లం.

ఈసారి ఎవరూ తీయలేదు, ఎవరూ అడగలేదు. ఈ జిల్లా ఊళ్ల పేజీలు చూసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను. రోజూ వెళ్లి చూశాను. ఆ వాక్యం అట్లాగే ఉంది.

ఇవాళ నేనే తీసేశాను. ఎందుకు తీస్తున్నారో రాయమని అడిగే చోట నీ మాటే రాశాను: "యాడ అచ్చయింది తమ్మీ?"

పేజీ చరిత్రలో ఆ మాట పక్కన మాత్రం నా పేరే పడింది.