అమలమ్మగారి తొంభయ్యో కార్డు

విజయవాడ, జూన్ 1975.

మహారాజశ్రీ కాలువల కార్యాలయపు పై అధికారులకు,

తమ పేర్లు మాకు తెలియవు గనుక తమ హోదాలకే నమస్కరించి విన్నవించుకుంటున్నాము.

మొన్న ఆదివారం మా ప్రోగ్రామర్ల సంఘం ఒకరోజు సదస్సు జరిపింది. సభ్యులము పదకొండు మందిమి ఇక్కడ ఉన్నాము. కంప్యూటరు మాత్రం హైదరాబాదులో ఉన్నది. చల్లపల్లి వైపు పొలాలకు నీటి వంతులు లెక్కగట్టే ప్రోగ్రామును మా సభ్యురాలు అమలమ్మగారు అట్టకార్డుల మీద చిల్లులుగా వేయించి తెచ్చారు. ముఖ్య అతిథిగా వచ్చిన తమ ఇంజనీరుగారు తొంభయ్యో కార్డును కిటికీ వెలుగుకు పట్టి, "ఇందులోంచి నీళ్లెట్లా వస్తాయమ్మా?" అని ఎంతో ఆసక్తిగా అడిగి, దానిని జేబులో పెట్టుకొని వెళ్లారు.

ఇప్పుడది తమ కార్యాలయంలో ఫైలుకు ఎక్కబోతున్నది. గుమాస్తా పూర్ణచంద్రరావుగారిని బతిమాలితే, "ఫైల్లో చేరే కాయితానికి రెండు చిల్లులు తప్పవండీ. మీరు అరవై వేసుకున్నారు, మా రెండింటికే వచ్చిందా కష్టం?" అన్నారు.

యంత్రం చదివేది ఆ చిల్లులనే. రెండు ఎక్కువైతే కార్డు చెడిపోతుంది. మాకు యంత్రం దొరికేది వచ్చే సోమవారం. అది తప్పితే మళ్లీ నాట్లు ముగిసిన తరువాతే.

కావున మా డిమాండ్లు:

1. సదరు కార్డుకు చిల్లులు వేయు అధికారం అమలమ్మగారికి మాత్రమే కలదని ఉత్తర్వు చేసి, ఆ కార్డును శనివారంలోగా మాకు తిరిగి ఇప్పించవలెను.

2. ఫైలులో ఆ స్థానం ఖాళీగా ఉండరాదన్నచో ఈ ఉత్తరాన్ని చేర్చుకొని, దీనికి ఎన్ని చిల్లులైనను వేసుకొనవలెను.