కొలత తీయని మోకాళ్లు

బావగారికి నమస్కారములు.

ముందుగా నా తెలుగు పేలవతనాన్ని మన్నించగలరు. రాత్రి బడిలో పట్టా పుచ్చుకున్నవాడిని గనుక తప్పులు మరీ ఎక్కువ ఉండవని నా నమ్మకం.

పెట్రోలు ధర మండిపోతున్నదని మూడు నెలలు పట్టికలు గీసి, లీటరుకు అన్నిటికన్నా ఎక్కువ దూరం పోయే ఎస్‌యూవీని ఎంచుకున్నాను. మిమ్మల్నీ అదే కొనమని ఉపన్యాసం ఇచ్చాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మను వారం వారం ఆసుపత్రికి తీసుకువెళ్లడానికే ఈ బండి అని మీకు తెలుసు.

నిన్న అమ్మ దాని తలుపు దగ్గర నిలబడి, "ఒరేయ్, ఇది కారా, మేడా? కాలెక్కడ పెట్టను?" అంది. ఎంత ప్రయత్నించినా ఆమె కాలు అంత ఎత్తుకు లేవలేదు.

"దర్జీ మాస్టారూ! ఊరందరి కొలతలూ తీస్తారు, అత్తయ్య మోకాలెత్తు చూసుకోలేదా?" అంది నా భార్య.

చివరికి అమ్మ టాక్సీలో వెళ్లింది. వెనుకే నేను ఖాళీ బండి నడుపుకుంటూ వెళ్లాను. బరువు లేనందున మైలేజీ మాత్రం నా పట్టికను మించింది.

కనుక శనివారం మీరు ఆ బండికి బయానా ఇవ్వకండి. ఈ ఉత్తరం అక్కయ్యకు ఇవ్వండి. ఆమె నవ్వడం పూర్తయ్యాక, కర్ర సాయంతో నడిచే మీ అమ్మగారికి చదివి వినిపించమనండి. బండిని ఎంచవలసినది ఆ పెద్దావిడే.