వెనకబడమన్న డ్రిల్లు మాస్టరు

ఏమండీ,

ఇవాళ మీ ఆబ్దికం. భోక్తలు తృప్తిగా తిని వెళ్ళారు. చదవరని తెలిసీ రాస్తున్నాను, ఈ మాట మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మీ దగ్గర పరుగు నేర్చుకున్న యాదగిరి మన మనవరాలు చిన్ని బళ్ళోనే డ్రిల్లు మాస్టరుగా చేరాడని ఎంత మురిసిపోయారో! మొన్న ఆ బడి మైదానంలో సినిమావాళ్ళు బడి పిల్లలతోనే పరుగుపందెం తీశారు. ఈ ఏటికి పిల్లల ఆటల పోటీ కూడా అదేనట. జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి మైదానం చేసేది షూటింగుల కోసమే కాబోలు.

నేనూ వెళ్ళాను. చిన్ని ఎప్పటిలాగే అందరికన్నా ముందొచ్చింది. గెలవాల్సింది హీరో చిన్నప్పటి వేషం వేసిన పిల్లాడట. వాడు సగం దూరానికే రొప్పుతూ కూలబడ్డాడు.

అప్పుడు యాదగిరి వచ్చి, "బిడ్డా, జర మెల్లగ ఉరుకు. ఆ బాబు ముంగట పోవాలె," అన్నాడు. మీ యాదగిరే!

"ఇదేనా మాస్టారు నీకు నేర్పింది?" అన్నాను.

"సినిమానే గదమ్మా, ఉత్తదే."

"పందెం ఉత్తదే నాయనా, పిల్ల కాళ్ళు ఉత్తవి కావు."

సిగ్గుపడతాడేమోనని చూశాను. "జర పక్కకు జరుగుండ్రమ్మా, కెమెరాల పడుతున్నరు," అన్నాడు. మళ్ళీ తీసినప్పుడు చిన్ని ఆ పిల్లాడి వెనకే వచ్చింది.

నిన్న సాయంత్రం మన వీధి పిల్లలు పందెం వేసుకున్నారు. చిన్ని ఆఖరున వచ్చింది. చెమట లేదు, ఆయాసమూ లేదు. ఏమే, ఏమైందని అడిగాను.

"ఎవరు గెలవాలో నాకెవరూ చెప్పలేదు నాన్నమ్మా," అంది.