వీడి నీళ్లు

జనవరి 9

మా వీధి చివర చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంట్ ఉంది. మా ఆయన అక్కడ క్రేన్ నడుపుతారు. లారీల కంపు మనకి, వెలుగు ఊరందరికీ అని అత్తయ్య రోజూ దెప్పుతుంది.

మా ఇంట్లో పని హాస్పిటల్ దుప్పట్లు ఉతకడం. నీళ్లు మరిగించాలి. కట్టెల పొగకి అత్తయ్యకు ఆగని దగ్గు. ఇంకో చలికాలం ఆ పొయ్యి ముందు కూర్చుంటే ఆవిడ ఊపిరికి నా పూచీ లేదు అన్నాడు డాక్టరు.

జనవరి 12, ఉదయం 6

ప్లాంట్ కాలవ మీద పొగ లేస్తోంది. దగ్గరికెళ్లి చూశాను. పొగ కాదు, ఆవిరి. అంత వేడి ఊరికే పోతోంది!

ఆయన్ని అడిగాను. అవి మిషన్లు చల్లబరిచిన నీళ్లు, మురికివి, వేలు కూడా పెట్టకు అన్నారు.

నీళ్లు మురికైతే వేడి కూడా మురికేనా? ఆ మాట పైకి అనలేదు. నేనెప్పుడూ ఇంతే.

జనవరి 15

ప్లాంట్ వాళ్లు మా వీధికి ఏదైనా ఒకటి చేసిపెడతారట. ఏం కావాలో రాయమని ఇంటికో ఫారం ఇచ్చారు. వీధి పెద్దేమో ఫౌంటెన్ కావాలని రాయమంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. దాని కింద దుప్పట్లు జాడించుకోవచ్చా బాబాయ్ అని ఇస్త్రీ అక్క అడిగిందట.

మా ఫారం నేనే రాశాను. నాలుగో తరగతి దాకా చదివాను, మూడు మాటలు రాయలేనా? ఎవరికీ చూపించలేదు.

జనవరి 22

పరువు పోయింది. ఈరోజు రాయలేను.

జనవరి 23

నిన్నటి మీటింగ్. ప్లాంట్ ఇంజనీర్ మేడమ్ ఫారాలు మైకులో చదివింది. మాది వచ్చింది. వీడి నీళ్లు కావాలి.

వీడెవడమ్మా అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వులే. ఈ పిల్ల చదువుకి ఎప్పుడో నీళ్లొదిలేసినట్టుంది అన్నాడు వీధి పెద్ద. మా ఆయన తల ఎత్తలేదు. మేడమ్ కాగితం పక్కన పెట్టేసింది.

అత్తయ్య నవ్వలేదు, దగ్గింది. ఆ దగ్గు విని లేచాను. వీడి కాదు, వేడి అన్నాను. గుణింతం తప్పు నాది, అంత వేడిని కాలవపాలు చేసే తప్పు మీది అన్నాను. దాచుకున్న ఆ ప్రశ్న కూడా అడిగేశాను.

వేడికి మురికి అంటదు అంది మేడమ్. ఆ నీళ్లు ఒక గొట్టంలో, మన మంచినీళ్లు దాని చుట్టూ ఇంకో గొట్టంలో వెళ్తాయట. రెండూ కలవవట, వేడి మాత్రం ఇటు వస్తుందట. ఉతికే ఇళ్లు ఎన్ని అని అడిగింది. పద్నాలుగు అన్నాను.

ఫౌంటెనా, వేడి నీళ్లా అని వచ్చే ఆదివారం ఓట్లు. వీధిలో సగం మంది ముఖం నాకు తెలియదు. అయినా ప్రతి గుమ్మం ఎక్కుతాను.

జనవరి 30

ఫౌంటెన్‌కి తొమ్మిది. మాకు ముప్పై ఒకటి. ముప్పై ఒక్క చీటీల మీదా వీడి నీళ్లు అనే రాశారు, కావాలనే! మా ఆయన చీటీలో కూడా అదే.

నవంబరు 27

పైపు వచ్చేసింది. కుళాయి మీద బోర్డు రాసే పెయింటర్ గుణింతం సరిచేయనా అన్నాడు. వద్దన్నాను.

డిసెంబరు 4

పొయ్యి కూల్చాం. అత్తయ్య కుళాయి కింద పెట్టిన చేతులు చాలాసేపు తీయలేదు.

వీడు మంచోడే అంది.