ఏనుగు, ఒంటె, జింక, ఒక ఎడమ మోకాలు

పెద్దమ్మకు,

పెన్ను పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, మళ్ళీ పెన్ను తీసుకుని రాస్తున్నాను. నేనిక్కడ కులాసా. అక్కడ నువ్వు, నీ ఫొటో స్టూడియో, పెదనాన్న, పెదనాన్న స్కూటరు అందరూ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటే అంటావు. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఎవరికో "గడ్డం కొంచెం దించండి" అంటూ మధ్యమధ్యలో నాతో మాట్లాడతావు. పోయినసారి నా మార్కులు పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన ముగ్గురు విన్నారు. అందులో ఒకాయన "ఇంకాస్త చదవాల్సింది" అని కూడా అన్నాడు. ఈ కబురు వాళ్ళ చెవిన పడకూడదు.

నేను మోటారుసైకిలు కొనుక్కుంటున్నాను. అంటే, నువ్వు ఊ అంటే కొనుక్కుంటాను. అమ్మ మొదట ససేమిరా అంది. తర్వాత "మా అక్క ఊ అంటే నేనూ ఊ" అంది. నువ్వు ఎలాగూ అనవన్న ధైర్యంతోనే ఆ మాట అందని నా అనుమానం.

నాకు బండి ఎందుకో విను. మాది భూమి కొలిచే చదువు. పొద్దున్నే పొలాల్లో, పునాదుల్లో ఉండాలి. రెండు బస్సులు మారి నేను చేరేసరికి మిగతావాళ్ళు కొలిచేసి, కొలత యంత్రం నిలబెట్టే ముక్కాలిపీట మడిచేస్తున్నారు. మడిచిన పీటలు మోయడంలో మాత్రం నాకు మంచి పేరొచ్చింది. ఇక సెలవుల్లో హైవే మీద నీ దగ్గరికి రావాలి, అక్కడి నుంచి కొండలదాకా వెళ్ళాలి. రోజూ ట్రాఫిక్‌లో నలిగేదీ అదే బండి, సెలవుల్లో సాగేదీ అదే బండి. మరీ చవకది హైవే ఎక్కితే రొప్పుతుంది. మరీ ఖరీదైనది సందు మలుపులో అలుగుతుంది. అందుకని మధ్యరకంలో మూడు చూసి పెట్టాను. పాతకాలం రూపంలో, బరువుగా, గుండెలో దడదడలాడే చప్పుడుతో ఉన్నదానికి ఏనుగు అని పేరు పెట్టాను. గతుకుల దారులకని ఎత్తుగా నిలబెట్టిన దానికి ఒంటె. సన్నగా, చురుగ్గా, ముందు చిన్న గాలి అద్దంతో ఉన్నది జింక. నా మనసు జింక మీద ఉంది.

నీ ఒక్క అక్షరం చాలు.

ఇట్లు,
ఇంకా బస్టాపులోనే నిలబడి ఉన్న
నీ పిచ్చుక

తా.క.: పెదనాన్నా, నమస్కారం. ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం ముగిసినా, కంటబడ్డ ప్రతి కాగితం చదివే అలవాటు మీకు ముగియలేదు కాబట్టి, దీన్ని ముందు చదువుతున్నది మీరేనని తెలుసు. చదివాక పెద్దమ్మకు ఇచ్చేయండి.

---

పిచ్చుకకు,

చల్లగా ఉండు. నీకా పేరు పెట్టినప్పుడు జానెడు ఉన్నావు. ఇప్పుడు మా స్టూడియో గుమ్మం తల వంచి దాటుతున్నావు. పేరు మార్చాలంటే బద్ధకమేసి వదిలేశాను.

ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వుకోవడానికి, ఒకసారి విషయం కోసం. నీ జంతుప్రదర్శనశాల బాగుంది. కాని ఊ అనడం అంత తేలికా? నిన్న ఒకాయన ఫొటోలో నవ్వకూడదంటే నాతో గంటసేపు వాదించాడు. నేను అతనికే లొంగలేదు.

ముందు ఇది తేల్చు. అయిదడుగుల మనిషి కూర్చుంటే ఆ మూడింటిలో దేని మీద కాళ్ళు నేలకు ఆనుతాయి? మడమలతో సహా ఆనుతాయా, మునివేళ్ళేనా? సిగ్నల్ దగ్గర బండి కాస్త ఒరిగితే నిలబెట్టుకోవడం అయ్యే పనేనా? షోరూమువాడి మాట రాయకు. స్వయంగా చూసి రాయి.

దీవెనలతో,
నీ పెద్దమ్మ

తా.క.: మీ పెదనాన్న దీన్ని పోస్టు చేయడానికి తీసుకెళ్తున్నారు. కింద ఏదైనా ఎర్రగా కనిపిస్తే అది నా రాత కాదు.

(ఎర్ర పెన్సిలుతో) పైదంతా చదివాను. స్కూటరును మించిన వాహనం లేదు. వేగం నలభై దాటితే దాన్ని ప్రయాణం అనరు, పారిపోవడం అంటారు. — పెదనాన్న

---

పెద్దమ్మకు,

నమస్కారం. ఈసారి పెన్ను పట్టుకునే పెట్టాను, తొందరలో ఉన్నాను.

నాకు అయిదడుగుల మనిషి దొరకాలి కదా. నేను అద్దెకుండే ఇంటావిడ సరిగ్గా అంతే ఉంటుంది. బతిమాలి షోరూముకు తీసుకెళ్ళాను. ఒంటె మీద కూర్చోబెడితే రెండు కాళ్ళూ గాలిలో ఊగాయి. "నన్ను దించండర్రా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. బండి స్టాండు మీదే ఉంది. జింక మీద మునివేళ్ళు ఆనాయి. ఏనుగు మీద మాత్రం పాదాలు మడమలతో సహా పీట మీద పెట్టినట్టు ఆనాయి. బరువైతే చాలా ఉంది, కాని ఆ బరువంతా కిందే ఉండడంతో ఒరిగినా ఆవిడ ఆపుకోగలిగింది. తర్వాత పోదాం పదండంటే దిగదే. "ఇంకాసేపు ఉండనీ, ఇక్కడినుంచి వీధి వేరుగా ఉంది" అంటుంది. చివరికి షోరూమువాళ్ళే ఆవిడకు కాఫీ ఇచ్చి దించారు.

నేను మూడూ నడిపి చూశాను. ట్రాఫిక్‌లో జింక సూదిలా దూరుతుంది. హైవే మీద తొంభై దగ్గర చేతులు జుమ్మంటాయి, దిగాక కూడా కాసేపు చప్పట్లు కొట్టినట్టే ఉంటుంది. ఒంటె మీద లారీల పక్కన కూడా ధీమాగా ఉంది, కాని ఇంటికొచ్చి సందులో తిప్పడానికి ఇద్దరు కావాలి. ఏనుగు ఎనభై దగ్గర తనలో తాను పాడుకుంటూ పోతుంది. ట్రాఫిక్‌లో మాత్రం మన కుడి కాలికి దాని వేడి తగులుతుంది.

ఒక్క సంగతి అడగనా? ఆ అయిదడుగుల మనిషి ఎవరు? నేనైతే కాదు కదా. నీకెవరైనా ఏమైనా చెప్పారా?

ఇట్లు,
ఏమీ దాచని
నీ పిచ్చుక

తా.క.: పెదనాన్నా, జింక నలభై దాటడానికి పట్టే సమయంలో మీ స్కూటరు దగ్గడం కూడా పూర్తి చేయదు.

---

పిచ్చుకకు,

చల్లగా ఉండు. మీ ఇంటావిడకు నా నమస్కారాలు చెప్పు. మంచి కళ్ళున్న మనిషి.

ఏమీ దాచనివాళ్ళు ఏమీ దాచలేదని రాయరు. సరే, ఆ సంగతి తర్వాత.

ఎడమ మోకాలు సరిగ్గా వంగని మనిషికి గేరు మార్చడం కష్టమా? కాలి వేలితో పైకి ఎత్తాల్సిందేనా, వేరే ఉపాయం ఉందా? కళ్ళజోడుతో హెల్మెట్ పెట్టుకోవడం ఎలా? వెనక కూర్చున్నవాళ్ళు బెదురుగొడ్డు అయితే పట్టుకోవడానికి గట్టిగా ఏమైనా ఉంటుందా? నిదానంగా చూసి రాయి. నీ ఊ నా దగ్గర భద్రంగా ఉంది.

దీవెనలతో,
నీ పెద్దమ్మ

తా.క.: అయిదడుగుల మనిషి ఎవరైతే నీకెందుకు? ఫొటో తీసేటప్పుడు నేను పేర్లు అడుగుతానా?

(ఎర్ర పెన్సిలుతో) మోకాలి సంగతి చదివాను. ఏమీ అనను. — పెదనాన్న

---

పెద్దమ్మకు,

నమస్కారం. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. ఏనుగుకు గేరు పలక ముందూ వెనకా ఉంటుంది. వేలితో ఎత్తక్కర్లేదు, మడమతో వెనక తొక్కితే చాలు, మోకాలికి శ్రమ లేదు. మిగతా రెండింటికీ ఎత్తాల్సిందే. కళ్ళజోడు తీసి, హెల్మెట్ పెట్టుకుని, తర్వాత జోడు కాడలు లోపలికి దూర్చాలి. ఏనుగు వెనక సీటు వెడల్పు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంది, గట్టిదే.

ఇక అసలు సంగతి. పెదనాన్నా, మీరు దయచేసి ఈ పేరా వదిలేసి సంతకం దగ్గరికి వెళ్ళండి. పెద్దమ్మా, నాకంతా అర్థమైంది. పొట్టి, ఎడమ మోకాలు, కళ్ళజోడు. ఇంత సరిగ్గా చెప్పాలంటే నీకు ఇక్కడ గూఢచారి ఉండాలి. సరే, ఉన్నమాట చెప్పేస్తాను. అతను మా తరగతే. అయిదడుగుల రెండంగుళాలు. కాలువ గట్టు మీద నా బదులు ముక్కాలిపీట మోస్తూ జారిపడ్డాడు. ఎడమ మోకాలికి కట్టు కట్టించడానికి స్నేహితురాలి బండి మీద ఒక్కసారి తీసుకెళ్ళాను. విప్పించడానికి ఇంకోసారి. తర్వాత కట్టు లేకపోయినా రెండు మూడుసార్లు. షోరూముకు ఇంటావిడను తీసుకెళ్ళింది కూడా అతన్ని తీసుకెళ్ళకూడదనే. మంచివాడు పెద్దమ్మా. ఉన్న లోపం ఒక్కటే, ఓర్పు లేదు. లిఫ్టు కోసం నిలబడలేక ఆ మోకాలితోనే నాలుగంతస్తులు ఎక్కేస్తాడు. నాకు అతనంటే ఇష్టం. బండి కోసం ఈ మాట దాచలేను. ఈ మాట కోసం బండి పోతుందేమోనని భయంగా ఉంది. అమ్మకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
పట్టుబడిన
నీ పిచ్చుక

తా.క.: ఆ గూఢచారి మూలమీద టీ కొట్టు ఆయనేనా? నిన్నటినుంచి అక్కడ టీ మానేశాను. తలనొప్పిగా ఉంది.

---

పిచ్చుకకు,

ఏ అబ్బాయి?

నీ పెద్దమ్మ

(ఎర్ర పెన్సిలుతో) పేరా వదల్లేదు. రెండుసార్లు చదివాను. — పెదనాన్న

---

పెద్దమ్మకు,

నీకు తెలియదా? మరి మోకాలు ఎవరిది?

నా నోటితో నేనే చెప్పుకున్నానా? ఎవరూ అడక్కుండా, ఎత్తుతో సహా? ఉత్తరం వెనక్కి పంపెయ్. పెదనాన్న చదివింది ఎలాగూ వెనక్కి రాదు, కనీసం కాగితమైనా రానీ. బండి సంగతి నేను ఇక అడగను. బస్సులో కిటికీ పక్క సీటు కూడా బాగానే ఉంటుంది.

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క.: టీ కొట్టాయన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. దేనికని అడిగాడు. అది కూడా చెప్పేశాను.

---

పిచ్చుకకు,

చల్లగా ఉండు, ముందు ఒక టీ తాగు.

ఊ.

మీ అమ్మ కూడా ఊ అంది. ఇప్పుడు కాదు, నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే. ఫోన్‌లో నాలుగు మాటల్లో తేలిపోయింది. నీకు అప్పుడే చెప్పేస్తే జింకనెక్కి వెళ్ళిపోతావు, నా ప్రశ్నలకు జవాబులు చెప్పేవాళ్ళు ఉండరని ఊరుకున్నాను. ఈ ఊళ్ళో షోరూములో నేనే ఒకసారి అడిగి చూశాను. "మీ అబ్బాయికా అమ్మా" అన్నాడు. కాదన్నాను. "అల్లుడికా" అన్నాడు.

మోకాలు నాది. కళ్ళజోడు నాది. ఆ అయిదడుగులూ నావే. ఎన్నాళ్ళుగానో నీ ఎదురుగా నిలబడి ఉన్న పెద్దమ్మను గుర్తుపట్టలేదు గాని, ఆ వర్ణన మీద ఒక అబ్బాయిని పట్టుకొచ్చావు. నువ్వు భూమిని ఎలా కొలుస్తున్నావో నాకు భయంగా ఉంది.

ఈ స్టూడియోలో కూర్చుని ఊరందరికీ లైసెన్సు ఫొటోలు తీశాను. ఫొటో చేతికందగానే ప్రతివాడి ముఖం ఇక్కడినుంచి ఎక్కడికో వెళ్ళిపోయేది. నేను మాత్రం పొద్దున స్టూడియోకు, సాయంత్రం ఇంటికి, రెండుసార్లూ ముప్పై వేగంతో, మీ పెదనాన్న వీపు చూస్తూ. అందుకని మూడు నెలలుగా పొద్దున నడకకని చెప్పి డ్రైవింగ్ స్కూలుకు వెళ్తున్నాను. లైసెన్సు వచ్చింది. ఫొటో వాళ్ళే తీశారు, ఏమీ బాగోలేదు. గడ్డం దించమని చెప్పేవాళ్ళు లేకపోయారు.

నా ఉత్తరాలన్నీ ఎర్ర పెన్సిలు కింద నుంచి పోవాలి కాబట్టి నీకు విప్పి రాయలేకపోయాను. నీ మడమ గేరు కబురు అందిన మర్నాడు వెళ్ళి ఏనుగును కొనేశాను. ఇంటి ముందు ఆపి, మీ పెదనాన్నతో చెప్పాల్సిన మాటలు లోపల వల్లె వేసుకుంటుంటే ఆయనే బయటికొచ్చారు. చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"బండి ఎవరిది?"

"నాదే."

"తెలుసు. మోకాలి సంగతి చదివిన రోజే తెలుసు. ఆ మోకాలికి ఇన్నేళ్ళుగా నూనె రాస్తున్నది నేను కాదూ?"

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"మోకాలి నొప్పి మనిషి రోజూ నడకకని వెళ్ళి నవ్వుతూ తిరిగొస్తుంటే, దాన్ని నేనెందుకు దిద్దాలి?" అని పెన్సిలు చెవి మీద పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేను వల్లె వేసుకున్నదంతా వృథా.

నువ్వు జింకనే కొనుక్కో. సెలవులకు దాని మీద రా, ఇక్కడినుంచి కొండలదాకా మన రెండు బళ్ళూ కలిసి వెళ్తాయి. ఆ అబ్బాయిని కూడా తీసుకురా. బస్సులో రమ్మను, ఇక్కడికొచ్చాక మీ పెదనాన్న స్కూటరు వెనక కూర్చోబెడతాను. ఆ స్కూటరు ముప్పై దాటదు. దారిలో ప్రతి దుకాణం పేరు పలక దగ్గరా ఆగి అందులో తప్పు ఏమిటో ఆయన వివరిస్తారు. కొండ చేరేసరికి ఆ లిఫ్టు కోసం ఆగలేని మనిషి ఇంకా నవ్వుతూ ఉంటే, మీ అమ్మతో నేనే మాట్లాడతాను. ఆవిడకు నాలుగు మాటలు చాలు.

దీవెనలతో,
కాళ్ళు రెండూ నేలకానుతున్న
నీ పెద్దమ్మ

తా.క.: ఈ ఉత్తరం డబ్బాలో వేయడానికి నేనే వెళ్తున్నాను, బండి మీద. మీ పెదనాన్న వెనక కూర్చుంటానన్నారు. ఆ కమ్మీ గట్టిదేనని రాశావు కదా, నిన్ను నమ్ముతున్నాను.

(ఎర్ర పెన్సిలుతో) డబ్బా పక్కన నిలబడి రాస్తున్నాను. హెల్మెట్ ఇంకా తీయలేదు, వంకర అక్షరాలు చూసి నవ్వకు. పోస్టాఫీసు దాటి కూడా ఆపలేదు మీ పెద్దమ్మ, ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చింది. నలభై దాటింది. పారిపోవడం అని నేను రాసిన మాట కొట్టేసుకో. ఇక ఆ అబ్బాయి విషయం: స్కూటరును అతనికే ఇస్తాను, ఒక్కడే తోలుకుని రమ్మను. దానికి మోకాలితో పని లేదు. పలకల మీద తప్పులు అతనే చూసి వచ్చి నాకు చెప్పాలి. నేను రాలేను. ఏనుగు వెనక సీటు నాది. — పెదనాన్న