రంపం గొంతు

3 ఫిబ్రవరి 1975, సోమవారం

కుట్టుసూదులు మళ్లీ రెండు తగ్గాయి. అడిగితే ఈయన నవ్వి అరచెయ్యి తెరిచారు. సూది మొన మూడు పలకలుగా అరగదీసి ఉంది.

ఈయన పనిచేసే టింబర్ యార్డుకు చెయిన్ రంపం వచ్చి నాలుగు నెలలైంది. గనిలో కప్పు కింద నిలబెట్టే దుంగలు కొయ్యడానికి తెప్పించారు. నల్లమద్ది తగిలితే దానికి ఆయాసం. అందుకని సైలెన్సర్ జాలీ పీకేశారు, గాలి దారి పెద్దది చేశారు. ఇప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు దూరే ఇత్తడి జెట్టు బెజ్జాన్ని ఈ సూదితో వెంట్రుకవాసి వెడల్పు చేస్తారట. గాలి ఎక్కువ మింగుతుంది, పెట్రోలు గూడ ఎక్కువ ఇయ్యాలె, అన్నం ఇంకింత పెట్టి కూర ఎయ్యకపోతే నువ్వు ఊకుంటవా టీచరమ్మా, అన్నారు.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఇంత తేలికగా నాకెవరూ చెప్పలేదు.

5 ఫిబ్రవరి

జెట్టును రుమాల్లో చుట్టుకుని బడికి తీసుకెళ్లాను. లాబ్‌లో ట్రావెలింగ్ మైక్రోస్కోప్ కింద పెట్టి బెజ్జం కొలిచాను. మూడుసార్లు. పదో తరగతి పిల్లలు అది ముక్కుపుల్ల అనుకున్నారు. సార్ కొనిచ్చిండా మేడం, అని అడిగింది ఒకతి. అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు.

లెక్క ప్రకారం ఇంకొంచెం అరగదియ్యాలి. చెప్పాను. అరగదీశారు.

12 ఫిబ్రవరి

రంపం ఎగురుతోందట. రంపం పట్టే మొగిలి ఇంటిదాకా వచ్చి చెప్పిపోయాడు. అక్కా, గది రంపం కాదు, లగ్గం గుర్రం లెక్క దుంకుతుంది, పట్టుకునేటోన్ని సుత ఈడ్సుకపోతది, అన్నాడు. ఈయన తల దించుకుని చాయ్ తాగారు. సంతోషం దాచుకోవడం ఈ మనిషికి చేతకాదు.

20 ఫిబ్రవరి

పిస్టన్ పట్టేసింది. యార్డు ఫోర్‌మన్ గులాం అలీ గారు ఇంటికి వచ్చి చెప్పారు. నిన్న ఈయన కార్బురేటర్ పెట్రోలు స్క్రూ సర్ది ఇచ్చారట, ఇవాళ గంట సేపు కోసేసరికి ఇంజను కాలిపోయింది. కొత్త పిస్టన్ కలకత్తా నుంచి రావాలి. మళ్లీ ఇట్లయితే రంపం గోదాముల పడేస్తం, మెకానిక్‌ను కిందికి పంపుతం, అన్నాడట ఆఫీసరు.

కిందికి అంటే గనిలోకి. మళ్లీ బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలేజీ మీదికి. ఈ దెబ్బతిన్న మోకాలితో.

గులాం అలీ గారు వెళ్తూ, ఫికర్ చెయ్యకుండ్రి భాభీ, అన్నారు. ఆయన మొహంలో మాత్రం ఫికరే ఉంది.

21 ఫిబ్రవరి

కొలిచింది నేను కదా.

23 ఫిబ్రవరి, ఆదివారం

లెక్క మళ్లీ మొదటి నుంచి చేశాను. తప్పు లేదు. తప్పు దొరికి ఉంటే కొంచెం నిమ్మళంగా ఉండేది.

చర్చిలో నేను హార్మోనియం. పై స్థాయిలో ఎత్తుకున్నప్పుడు ఈయన అందుకోలేదు. పక్కన పాడుతున్నతని నోరు చూసి, ఆ తర్వాత కలిశారు. పోయిన క్రిస్మస్‌కూ ఇంతే. అప్పుడు నిద్ర మత్తు అనుకున్నాను.

1 మార్చి

ఈయన సంచి దులుపుతుంటే పెద్ద స్క్రూడ్రైవర్ కింద పడింది. కొయ్య పిడి మీద పంటిగాట్లు. పైనా కిందా, వరసగా, లోతుగా. ఎలుక కాదు, మనిషే.

అడిగాను. పిడిని చొక్కా అంచుతో తుడిచారు. తర్వాత చెప్పారు. రంపం ఒట్టిగా తిరిగేటప్పుడు గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు గరగర అనాలి, చెక్కలో దిగితే శుభ్రంగా పలకాలి. పెట్రోలు తక్కువైతే సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల వచ్చిందంటే ఇంజను కాలుతున్నట్టే. నాకు గసొంటి సన్న సప్పుడు రెండేండ్ల సంది ఇనస్తలేదు, పిడి పండ్లతోని పట్టుకుంటే దవడ బొక్కలకెల్లి కొంచెం తెలుస్తది, మొన్న అందరు సూస్తుండిరి, నోట్లె పెట్టుకోలె, అన్నారు.

ఎవరికీ చెప్పకు, అన్నారు. తెలిసి దుంగలు మోసే గ్యాంగులో వేసినా మోకాలు పోతుంది, కిందికి పంపినా పోతుంది.

3 మార్చి, ఉదయం 5 గం.

చెప్పాలా? రంపం మళ్లీ కాలితే, అది మొగిలి చేతుల్లో ఉండగా ఏదైనా అయితే? చెప్పకపోవడం ప్రేమా, పాపమా? ఇన్నేళ్ల చదువు ఇలాంటప్పుడు ఏ మూలకూ రాదు.

ఈల ఆయనకు వినపడదు. నాకు వినపడుతుంది. ఇంత చిన్న సంగతి తట్టడానికి రెండు రోజులు పట్టింది.

8 మార్చి, శనివారం

పిస్టన్ వచ్చింది. ఆఫీసరు ముందు పరీక్ష. ఒంటిపూట బడి కాగానే టిఫిన్ డబ్బా, గొడుగు పట్టుకుని యార్డుకు వెళ్లాను. ఆడవాళ్లెవరూ రారు అక్కడికి. మొగిలి ముక్కాలి పీట వేశాడు, కూర్చోలేదు. ఈయన వెనకే నిలబడ్డాను.

పెళ్లైన కొత్తలో హాలేజీ గంటల భాష నాకు వంటింట్లో గరిటెతో నేర్పారు. ఒకటి కొడితే ఆపు. రెండు, లాగు. మూడు, వదులు. రంపం మోగగానే ఈల విన్నాను, సన్నగా, తలలోకి సూదిలా. గొడుగు కొసతో ఈయన వీపు మీద మూడు కొట్టాను. గుర్తుపట్టి, పెట్రోలు పెరిగేలా స్క్రూ వదులు చేశారు. ఇంకా ఉంది. మళ్లీ మూడు. గరగర వచ్చింది. ఒకటి.

వీపు అంతా నవ్వినట్టు కదిలింది. మొహం చూడలేదు, అక్కర్లేకపోయింది.

రెండు మూరల చుట్టు ఉన్న నల్లమద్ది. మొగిలి కోస్తుంటే ఆఫీసరు గడియారం చూశాడు, తల ఊపాడు. గులాం అలీ గారు మాత్రం, ఏంది భాభీ, బెత్తం లేదని గొడుగు తెచ్చిన్రా, మా యిర్మియా భాయ్‌కి ఇంక ఈపు కూడ మిగలనియ్యరా, అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

10 మార్చి

దవాఖానకు తీసుకెళ్లాను. పోయింది రాదట. ఉన్నది కాపాడుకోవాలట.

నేను ఆయన ఉద్యోగం కాపాడానా, ఉన్న కాస్త వినికిడినీ ఆ రంపానికి అప్పజెప్పానా?

14 మార్చి

శ్రీరాంపూర్ యార్డుకు రెండు రంపాలు వచ్చాయట. వాటి కార్బురేటర్లూ ఇలాగే చెయ్యాలట. ఆఫీసరే స్వయంగా అడిగాడని గులాం అలీ గారు కబురు తెచ్చారు. నేను చాయ్ ఇస్తున్నాను.

ఈయన తల అడ్డంగా ఊపారు. కుదరది సాబ్, నా చెవులు నా తాన లెవ్వు, గీ ఇంట్లనే ఉన్నయి, పొద్దుందాక బళ్లె పాఠం చెప్పుతయి, అన్నారు. నా వైపు చెయ్యి చూపారు.

గులాం అలీ గారు నన్ను చూశారు, గొడుగు ఉన్న మూల చూశారు. చాయ్ కప్పు కింద పెట్టారు. ఆఫీసర్‌కు నేనే చెప్తా, అన్నారు. ఏం చెప్తారో అడగలేదు. భయమేసింది. ఈయనకు భయం లేదు. రెండేళ్ల తర్వాత మొదటిసారి పెద్దగా మాట్లాడుతున్నారు, ఎంత పెద్దగానో తెలియకుండా.

16 మార్చి, ఆదివారం

ఆరాధనకు వెళ్లలేదు. శ్రీరాంపూర్ పోయే జీపులో ఆఫీసరు మాకు రెండు సీట్లు ఇచ్చాడు. ఆయన చెవుల్లో దూది పెట్టాను. నేను పెట్టుకోలేదు.