ముప్పై ఒకటో నంబర్

నవంబర్ 3, సోమవారం. ఉదయం 6.15

మొదలుపెట్టేశా! వరి కోత మిషన్ కోసం మా ఊళ్ళో ఏటా జరిగే కొట్లాటకు ఇక సెలవు. పేరు ముందు రాయించుకున్నవాళ్ళ పొలం ముందు కోస్తారు. సీరియల్ నంబర్ నేను రాసిన ఆప్ చెబుతుంది. పేరు 'మన వరుస'. మిషన్ ఓనర్, సుల్తానాబాద్ అక్బర్ భాయ్ ఒప్పుకున్నాడు. "చలో మంచిదే, నా పానం తినుడు తప్పుతది" అన్నాడు.

నా ఒట్లు:
1. పైసా తీసుకోను. విద్య అమ్ముకునేది కాదు.
2. కోడ్ దాచను. ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టా. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.
3. ఎవరి నంబరూ ముందుకు జరపను. ఎవరడిగినా!

మా ఆవిడ రమ అంది: "ఆఫీసోళ్ళకైతే గంటకింత అని చెప్తవ్. ఊరోళ్ళకు ఊకెనేనా?" రమకు ఆదర్శాలు అర్థం కావు.

నవంబర్ 5. సాయంత్రం 6

చేరినవాళ్ళు: 44. థాంక్స్ చెప్పినవాళ్ళు: 0. పర్లేదు, నేనేమీ ఆశించలేదు. (మళ్ళీ చూశా. సున్నానే.)
కోడ్ తెరిచి చూసినవాళ్ళు: 1. అది నేనే.

అందరి ఫోన్లలో ఎక్కిస్తూ మా ఇంటి సంగతే మరిచిపోయా. మా బాపు అంతయ్యది నాలుగెకరాల వరి. 31వ నంబర్ పడింది.

నవంబర్ 7

ఊరికే ఇస్తున్నానంటే సర్పంచ్‌కు నిలబడుతున్నానట! ఊరంతా ఇదే మాట. హోటల్ దగ్గర ముత్యం కాక పట్టుకున్నాడు. "మా ఇంట్ల ఐదు ఓట్లున్నయి బిడ్డా. నా నంబర్ జర ముందటికి జరుపు."
"నేను నిలవడుతలేను కాకా."
"అందరు ముందుగాల గట్లనే అంటరు తియ్యి."

జరపలేదు! ఇంటికొచ్చి అద్దంలో నాకు నేనే సలాం కొట్టుకున్నా.

నవంబర్ 10

5.40: సత్తమ్మ ఫోన్. "నీ ఆప్ల మిషన్ మా పొలంల ఉన్నదంటుంది. ఈడ ఎడ్లబండి గూడ లేదు."
6.05: మిషన్ బెల్టు తెగింది. తిట్లు నాకు.
7.30: ఒకాయన ఫోన్ రీచార్జ్ చేయమన్నాడు. అదీ ఫ్రీనే అనుకున్నాడట.

పైసలిచ్చి కొన్నవాడు కూడా ఇంత గట్టిగా అరవడు. ఊరికే అన్నాను, అంతే. ఒట్టు ఒట్టే.

నవంబర్ 12, బుధవారం

మధ్యాహ్నం 2.00: మొగులైంది. ఎల్లుండి వాన అని టీవీలో చెబుతున్నారు. మిషన్ ఇంకా 19 దగ్గరే ఉంది. బాపు పొలం ఒడ్డు మీద నిలబడి పైకి చూస్తున్నాడు. నన్నేమీ అడగలేదు. అడిగితే కాదనేవాణ్ణి. అడగని మనిషికి ఏమని చెప్పను?

2.40: కోడ్‌లో ఒకే ఒక్క లైను రాశా. అంతయ్య పేరు కనబడితే పది నంబర్లు ముందుకు. ఒట్టు తప్పలేదు. జరిపింది నేను కాదు, ఆప్.

2.45: బాపు నంబర్ 21! "ఎవలో వద్దనుకున్నరట బాపూ" అన్నా. నమ్మాడు. నాకు అన్నం సయించలేదు.

నవంబర్ 13

7.00: ఇన్నాళ్ళకు నా కోడ్‌ను ఇంకో మనిషి చదివారు! యుమ్నా, అక్బర్ భాయ్ బిడ్డ, కరీంనగర్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడు. సంబరంగా మెసేజ్ తెరిచా.
"కొండలన్నా, నీ కోడ్ సూసి నేర్చుకుంటున్న. మస్తు రాసినవ్. గీ ఒక్క లైన్ల అంతయ్య తాత పేరు ఎట్లనో పడ్డది. తీసేసి పంపిన. జర సూసి ఒప్పుకో."

7.20: కోడ్ మూసేశా.

7.45: ఊరి గ్రూపులో పెట్టా. 'సాఫ్ట్‌వేర్ రాసేవాడి కష్టానికి విలువ లేకుండా పోయింది. ఊరికే ఇస్తే అలుసు. నేటి నుంచి మన వరుస నెలకు 99 రూపాయలు. కోడ్ చూపబడదు.' పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఇదే అంటాయి.

8.10: యుమ్నా: "నేను రాత్రే కాపీ తీసుకున్న గదన్నా. నువ్వే తీసుకొమ్మన్నవ్."

9.30: ఆ కాపీ ఊరంతా నడుస్తోంది. ఫ్రీగా. అందులో బాపు 31. నంబర్లు ఎందుకు మారాయని ఎవరో అడిగితే, ఆ పిల్ల నా లైను ఉన్నదున్నట్టు చూపించిందట. గ్రూపులో ముత్యం కాక: "ఐదు ఓట్లకు జరగని నంబర్ బాపుకు జరిగింది."

బయటికి వెళ్ళలేదు. జ్వరం అని చెప్పించా.

నవంబర్ 14

సాయంత్రం 4.00: వాన. అరగంటే. మా నాలుగెకరాలూ నేలకు ఒరిగాయి.

నవంబర్ 16, ఆదివారం

31 పిలిచారు. దొరికినంత కోశాం. తడి వడ్లు రోడ్డు మీద పోసి, బాపూ నేనూ కాళ్ళతో తిప్పుతున్నాం. కాళ్ళు ఆపకుండానే బాపు అన్నాడు.
"వడ్లదేమున్నదిర, రెండెండలు కొడితె ఆరుతయి. నేను అడగకుంటనే నన్ను ఊర్ల దొంగను జేస్తివి. గది ఏడ ఆరవోయాలె?"

తల ఎత్తలేకపోయా. చాలా సిగ్గేసింది.

నవంబర్ 17, సోమవారం. ఉదయం 6.15

మొదలుపెట్టేశా! మళ్ళీ. అవే మూడు ఒట్లు. ఈసారి గట్టిగా.

6.40: యుమ్నా నడిపే ఆప్‌లో ఓ తప్పు దొరికింది. వాన పడిన రోజు లెక్క తేడా వస్తోంది. దిద్ది పంపా. ఊరికే! ఎవరూ అడక్కుండానే!

6.50: జవాబు లేదు. ఇంకో మెసేజ్ పెట్టా. "అర్జెంట్ అమ్మా. జర నాది ముందుగాల సూడు."

7.05: యుమ్నా: "సీరియల్ల ఉన్నవన్నా. మా కాలేజీ పిల్లలు దిద్ది పంపినయి ఆరు ముందటున్నయి. నీది ఏడు."